అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలకు ఒక పూట చాలా? ముందు నది గట్టెక్కండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మిర్యాలగూడ నుంచి కారులో బయలుదేరి, అమ్మానాన్నలను, ఏడో తరగతి చదివే పాపను తీసుకుని అలంపూర్ వెళ్లాలి. తుంగభద్ర ఒడ్డున ఉన్న పాత గుళ్లు చూడాలి. ఒక పూటలో అది ముగించుకుని అదే రోజు మంత్రాలయం కూడా చూసి రావాలని ఆలోచన. పైగా మీ స్నేహితుడెవరో "తొమ్మిది గుళ్లూ ఒకేలా ఉంటాయి, ఒకటి చూస్తే చాలు" అన్నాడట. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు.

సూటిగా చెప్తాను. మంత్రాలయం ఆ రోజు వద్దు. ముందురోజు సాయంత్రానికే అలంపూర్‌కో కర్నూలుకో చేరి రాత్రి పడుకోండి. తెల్లారి ఆరున్నరకల్లా గుళ్ల దగ్గర ఉండండి. పదిన్నర, పదకొండు దాకా చూడండి. దర్శనం చేసుకుని భోంచేసి బయలుదేరండి. పాప ఊరుకుంటే ఆగి, సాయంత్రం మళ్లీ ఒక గంట చూసి బయలుదేరండి. మీ స్నేహితుడు చెప్పిన మాట తప్పు కాదు కానీ, నలభై నిమిషాల్లో చూసి వచ్చినవాడి మాట అది. నేనూ మొదటిసారి అచ్చం అలాగే అన్నాను.

నేను పాలమూరు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇరవై ఏళ్లకు పైగా ఏటా ఒక బ్యాచ్ పిల్లల్ని అలంపూర్ తీసుకెళ్లి బొమ్మలు గీయించాను. ఇప్పటికీ చలికాలంలో రెండు మూడుసార్లు స్కెచ్ పుస్తకం పట్టుకుని వెళ్తాను. కాబట్టి ఇది చరిత్ర పండితుడి సమాధానం కాదు, ఆ రాళ్ల ముందు చాలాసేపు కూర్చున్నవాడి సమాధానం అనుకోండి.

ముందు నదిని చూడండి, తర్వాతే గుడి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. కారు దిగుతారు, కొబ్బరికాయ కొంటారు, జోగులాంబ అమ్మవారి దర్శనం క్యూలో నిలబడతారు. బయటికొచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. ఆ తర్వాత గుళ్ల మధ్య ఒక చుట్టు తిరిగి సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. తుంగభద్ర పక్కనే పారుతోందని కొందరికి తెలియనే తెలియదు. దానికీ ఒక కారణం ఉంది. గుళ్లకూ నదికీ మధ్య ఎత్తైన రక్షణ గోడ ఉంది. కింద ఆవరణలో నిలబడితే నీళ్లు కనిపించవు. మెట్లెక్కి గట్టు మీదికి వెళ్లాలి.

ఆ గోడ ఎందుకొచ్చిందో పాపకు చెప్పండి, సోషల్ పాఠానికి పనికొస్తుంది. కింద శ్రీశైలం దగ్గర కృష్ణకు అడ్డంగా ప్రాజెక్టు కట్టినప్పుడు దాని వెనుక జలాలు ఇటు తుంగభద్రలోకి కూడా ఎగదన్నుతాయని తేలింది. చుట్టుపక్కల ఎన్నో ఊళ్లు మునిగాయి. అలంపూర్ మునగకుండా ఈ కట్ట కట్టారు. గోడ లేకపోతే ఈ రోజు మనం చూడటానికి గుళ్లు ఉండేవి కావేమో. గోడ ఉండటం వల్ల నదీ గుడీ ఒకదానికొకటి కనిపించకుండా పోయాయి. నాకు ఆ గోడ మీద కోపం, కృతజ్ఞత రెండూ ఉన్నాయి.

గట్టు మీద నిలబడి వెనక్కి తిరిగి చూడండి. అక్కడి నుంచి కనిపించే దృశ్యం కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తాను. గుళ్లు తూర్పు ముఖంగా ఉంటాయి, నది వాటికి తూర్పున ఉంది. అంటే కట్టినవాళ్లు వాటిని నదికి ఎదురుగా నిలబెట్టారు. పొద్దున వెలుగు ముందు శిఖరాల కొసల మీద పడుతుంది. తర్వాత మెల్లగా కిందికి దిగి, ఒక్కో మడతనూ తాకుతూ, చివరికి గుమ్మాల దాకా వస్తుంది. ఎరుపు కలిసిన గోధుమ రంగు రాయి ఆ అరగంటలో మూడు నాలుగు రంగులు మారుతుంది. రంగు పెన్సిళ్లతో దాన్ని పట్టుకోవాలని చూసి ఓడిపోయిన పిల్లలు నా దగ్గర చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే.

ఇంకో సంగతి. తుంగభద్ర ఇక్కడ ఉత్తరం వైపు పారుతుంది. ఉత్తరవాహిని పవిత్రమని మన పెద్దల నమ్మకం. ఈ గుళ్లు కట్టిన బాదామి చాళుక్యులు కర్ణాటకలో పట్టదకల్లు దగ్గర గుళ్లు కట్టిన చోట మలప్రభ కూడా ఉత్తరానికి తిరిగే ఉంటుంది. దక్షిణ కాశి అన్న పేరు అలంపూర్‌కు ఊరికే రాలేదు. కాశీలోనూ గంగ ఉత్తరానికే పారుతుంది కదా. శ్రీశైలానికి పడమటి ద్వారం కూడా ఇదే. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన మన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం, పడమర అలంపూర్.

ఏ నెలలో వెళ్లాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి. ఎండ సంగతి అందరూ చెప్తారు, నేను నీళ్ల సంగతి చెప్తాను. నదిలో నీళ్లు ఎంతున్నాయన్నది శ్రీశైలం మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులు. పేపర్లో రోజూ వేస్తారు. ఆ అంకె 885కు దగ్గర్లో ఉంటే అలంపూర్ దగ్గర నది చెరువులా నిండుగా, కదలకుండా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే రాళ్లు, ఇసుక, మధ్యలో మడుగులు. అదీ ఒక అందమే, కాని మీ అమ్మగారు స్నానం చేయాలనుకుంటే నిరాశపడతారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వరద వార్తలు చూసుకోండి. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలును ముంచిన వరద అలంపూర్‌నూ ముంచింది. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడు గోడల మీద ఒండ్రు చార ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ ఏడు పిల్లల్ని తీసుకెళ్లలేదు.

"గంగా స్నానం, తుంగా పానం" అని మా నాయనమ్మ అనేది. గంగలో మునగాలి, తుంగ నీళ్లు తాగాలి అని. ఇప్పుడు మాత్రం సీసా నీళ్లే తాగండి.

శివరాత్రి, దసరా, కార్తీక సోమవారాలు, వసంత పంచమి, ఇవి భక్తికి మంచి రోజులు, చూడటానికి కావు. మంగళ, శుక్రవారాల్లోనూ జోగులాంబ దగ్గర రద్దీ ఉంటుంది. మీకు కుదిరితే బుధవారమో గురువారమో పెట్టుకోండి.

ఇక అసలు విషయం. "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనిపించకుండా ఎలా చూడాలి?

ముందు పేర్లు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. చివర బ్రహ్మ అని తగిలిస్తారు కాని తొమ్మిదీ శివాలయాలే. బ్రహ్మ ఇక్కడ శివుడి కోసం తపస్సు చేశాడని స్థలపురాణం. ఇంకో మాట కూడా ఉంది, అది నాకు ఎక్కువ ఇష్టం. ఇవి మూలికల పేర్లని, రససిద్ధులు, అంటే పాదరసంతో మందులు చేసే సిద్ధులు, పెట్టుకున్నవని అంటారు. అర్క అంటే జిల్లేడు, పద్మ అంటే తామర, బల ఒక మూలిక. పిల్లలకు ఈ రెండో కథ చెప్తే వెంటనే పేర్లు గుర్తుపెట్టుకుంటారు. ఏది నిజమో తేల్చే పని మనది కాదు.

ఇవి 7, 8 శతాబ్దాలవి. కాలం కన్నా ముందు మీరు గమనించాల్సింది శిఖరం. మన వైపు గుడి మీది కట్టడం అంటే మెట్లు మెట్లుగా, అంతస్తులు అంతస్తులుగా పైకి పోతుంది. ఇక్కడ అలా కాదు. నలుచదరంగా మొదలై, నిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతుంది. కొసన చక్రంలా ఒక పెద్ద రాయి. అంచుకు గాళ్లు గాళ్లుగా, ఉసిరికాయలా ఉంటుంది కనుక దాన్ని ఆమలకం అంటారు. ఈ పద్ధతి పేరు రేఖానాగరం, ఉత్తరాది పద్ధతి. భువనేశ్వర్ లింగరాజ ఆలయం చూసినవాళ్లకు వెంటనే ఆ పోలిక తోస్తుంది. లింగరాజు గుడి 11వ శతాబ్దిది, ఇవి దానికి మూడు వందల ఏళ్లు ముందువి. తెలుగు నేల మీద ఇంత పాతవి, ఇన్ని ఒకేచోట ఇలా నిలబడి ఉండటం అరుదు. చాళుక్యుల రాజ్యం ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య ఉంది. వాళ్లు రెండు పద్ధతులనూ ప్రయత్నించారు. పట్టదకల్లులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అలంపూర్‌లో మాత్రం దాదాపు అన్నిటికీ ఉత్తరాది పద్ధతినే పట్టుకున్నారు.

దాదాపు అన్నానే, ఆ తేడా గుడి తారక బ్రహ్మ. కొంత శిథిలమై ఉంటుంది, లోపల మూర్తి ఉండదు, జనం దాన్ని దాటేసి పోతారు. పాపను అక్కడే ఆపి "మిగతా ఎనిమిదింటికీ దీనికీ ఏం తేడా?" అని అడగండి. నేను పిల్లల చేత మొదట గీయించేది దాన్నే. తేడా గుడి ఒకటి కంటికి ఆనితే, మిగతావి ఎందుకు ఒకేలా ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత స్వర్గ బ్రహ్మ. మీకు ఒక్క గంటే ఉందనుకోండి, ఆ గంటంతా దీనికే ఇవ్వండి. తొమ్మిదింట్లో శిల్పం బాగా చెక్కింది ఇదే. బాదామి చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలంలో, అంటే 681 నుంచి 696 మధ్య, లోకాదిత్యుడనే సామంతుడు రాణి పేరు మీద కట్టించాడని అక్కడి శాసనం. దాని ముందు నేరుగా నిలబడి పైకి చూడండి. శిఖరానికి ముందు వైపు ముక్కులా బయటికి పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది. శుకనాస అంటారు, చిలక ముక్కు అని అర్థం. ఆ భాగంలో ఉన్న గూట్లో నటరాజు ఉంటాడు. చుట్టూ గోడల మీద గూళ్లు. దిక్పాలకులు ఉంటారు. ఆగ్నేయంలో అగ్ని, దక్షిణాన యముడు, ఇలా ఎవరి దిక్కు వారిదే. పాప చేతికి ఫోన్లో దిక్సూచి ఇచ్చి వెతకమనండి. నా క్లాసులో ఇది పోటీ పెట్టేవాణ్ణి. గెలిచినవాడికి మిర్చి బజ్జీ. త్రివిక్రముడు, లింగోద్భవం, దక్షిణామూర్తి కూడా ఉన్నాయి, తొందరపడకుండా చూస్తే దొరుకుతాయి.

ఆ గోడ ముందు కూర్చుని శిఖరాన్ని అడ్డంగా పట్టీలు పట్టీలుగా విడదీసి చూడండి. అంచుల్లో కొంత కొంత దూరానికి చిన్న చిన్న ఉసిరికాయ రాళ్లు వస్తాయి. ఒక్కో ఉసిరికాయ దగ్గర ఒక్కో అంతస్తు అయిపోయినట్టు లెక్క. మధ్య పట్టీలో గుర్రపు నాడా ఆకారం గవాక్షాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని వల నేసినట్టు ఉంటాయి. నేసినట్టు అని ఊరికే అనలేదు. ఒకసారి మా బ్యాచ్‌లో గద్వాల మగ్గం ఇంటి పిల్ల ఉండేది. గంటసేపు మాట్లాడకుండా చూసి, "సార్, ఇది మా అంచు లెక్కనే ఉంది. ఒక బుటా అయ్యాక ఇంకోటి ఎక్కడ మొదలవ్వాలో ముందే లెక్క వేసుకున్నారు" అంది. ఆ రోజు ఆ పిల్ల గీసిన బొమ్మ నా దగ్గర ఇంకా ఉంది. అప్పటి నుంచి ఆ గవాక్షాల గురించి నేను చెప్పడం మానేసి, ఆ పిల్ల మాటే చెప్తున్నాను.

లోపలికి వెళ్తే గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ చేయడానికి కప్పు కిందే దారి ఉంటుంది. రాతి కిటికీల నుంచి కొద్దిగా వెలుతురు వస్తుంది. కళ్లు అలవాటు పడటానికి రెండు నిమిషాలు ఆగండి. ఫోన్ లైటు వేయకండి. గబ్బిలాల సంగతి అలా ఉంచితే, లైటు వేయగానే చెక్కడపు లోతు పోతుంది, అంతా చదునుగా కనిపిస్తుంది.

విశ్వ బ్రహ్మ దగ్గర రామాయణ, భారత ఘట్టాలు వెతకండి. గరుడ బ్రహ్మ దాదాపు దాని అచ్చే, శిల్పం మాత్రం తక్కువ. ఈ రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే శిల్పం ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. మిగిలినవి నడుస్తూ చూసినా ఫర్వాలేదు. తొమ్మిదీ సమానంగా చూడాలన్న పట్టుదల పెట్టుకోకండి.

బాల బ్రహ్మ పూజలు జరిగే గుడి. దర్శనం ఇక్కడ, తర్వాత జోగులాంబ దగ్గర. అష్టాదశ శక్తి పీఠాల్లో ఇది ఐదోది. సతీదేవి పైదవడ పళ్లు పడిన చోటని చెప్తారు. పాత అమ్మవారి గుడి 14వ శతాబ్దంలో బహమనీల దాడిలో కూలిపోతే విగ్రహాన్ని బాల బ్రహ్మ గుడిలో దాచారని, తరాల పాటు అక్కడే పూజలు జరిగాయని చెప్తారు. పాత స్థలంలో కొత్త గుడి కట్టి 2005లో అమ్మవారిని మళ్లీ ప్రతిష్ఠించారు. అందుకే ఇప్పుడు మీరు చూసే జోగులాంబ గుడి కట్టడం కొత్తది. కొందరు దాన్ని చూసి "ఇదేనా వెయ్యేళ్ల గుడి" అని నిరుత్సాహపడతారు. అమ్మవారు పాతది, ఇల్లు కొత్తది. ఆమె ఉగ్రరూపిణి కనుక చల్లదనం కోసం గుడి చుట్టూ నీళ్లు ఉంచారు. జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కప్ప ఉంటాయని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్తే భయపడరు, వెతుకుతారు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు జిల్లాకు జోగులాంబ గద్వాల అని పేరు పెట్టింది ఈ అమ్మవారి పేరు మీదే.

గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. మా పిల్లల్లో సగం మంది గుడి మెట్లు దిగి దర్గాలో దండం పెట్టుకుని వచ్చేవాళ్లు. నడిగడ్డలో అది మామూలే. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు, మీకు తెలియకపోవచ్చు కనుక చెప్తున్నాను.

ఆవరణ దగ్గరే పురావస్తు మ్యూజియం. చిన్నదే, అరగంట చాలు, కాని మానేయకండి. లజ్జాగౌరి శిల్పం అక్కడ ఉంది. తల ఉండాల్సిన చోట పద్మం ఉంటుంది. సంతానం కోసం ఆడవాళ్లు మొక్కే దేవత. మ్యూజియం ఏ రోజు సెలవో, ఎప్పుడు తెరుస్తారో ముందురోజే అడిగి తెలుసుకోండి. నేను రెండుసార్లు తాళం చూసి వచ్చాను.

సంగమేశ్వరం విషయంలో పొరపాటు పడకండి. సంగమేశ్వరాలు రెండు. కూడవెల్లి దగ్గర కృష్ణా తుంగభద్రల సంగమంలో ఉన్న చాళుక్యుల కాలం నాటి గుడి ఒకటి. శ్రీశైలం ముంపులో ఊరు పోతుంటే రాయి రాయికీ నంబరు వేసి విప్పి, తెచ్చి అలంపూర్‌లో మళ్లీ పేర్చారు. ఇది నవబ్రహ్మ ఆలయాలకు దగ్గర్లోనే ఉంది, ఏడాది పొడుగునా చూడొచ్చు. రెండోది నంద్యాల జిల్లా వైపు సప్తనదుల సంగమేశ్వరం, వేపమొద్దు లింగం ఉన్నది. అది నీళ్లలోనే ఉంటుంది, మట్టం బాగా తగ్గినప్పుడే బయటపడుతుంది. ఒక ఏడు మేం మాట్లాడుకున్న వ్యాను డ్రైవరు సంగమేశ్వరం అనగానే రెండోదానికి బయలుదేరాడు. సగం దారిలో గమనించి వెనక్కి తిప్పించాం. మధ్యాహ్నం మూడింటికి ఆకలితో నకనకలాడుతున్న ముప్పై మంది పిల్లలు, నేను. ఆ టెన్షన్ మీకు వద్దు. "అలంపూర్‌లో ఉన్నది, తరలించి కట్టింది" అని స్పష్టంగా చెప్పండి.

అలా తరలించిన ఇంకో గుంపు పాపనాశి గుళ్లు. ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఇరవైకి పైగా చిన్న గుళ్లు ఒకేచోట ఉంటాయి. నవబ్రహ్మల తర్వాతి కాలానివి. పైకప్పులు మెట్ల పిరమిడ్ లాగా ఉంటాయి, వంపు లేదు. పొద్దున వంపు శిఖరాలు చూసి వచ్చి ఇవి చూస్తే తేడా పాపే చెప్తుంది. జనం ఉండరు. నాకు బొమ్మలు గీసుకోవడానికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఇక్కడ వెనక నిలబడి "అంకుల్, ఎంతకు అమ్ముతారు" అని అడిగేవాళ్లు ఉండరు కనుక. మీకు సాయంత్రం గంట మిగిలితే ఇక్కడికి రండి.

దారి గురించి. మీరు హాలియా, దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా పెబ్బేరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కండి. ఆరు గంటలు వేసుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు సుమారు 220 కిలోమీటర్లు. పెబ్బేరు దాటాక బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతారు. అక్కడ ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి కాళ్లు కడుక్కోవచ్చు. ఇంకా ముందుకు వెళ్తే అలంపూర్ చౌరస్తా, అక్కడ ఎడమకు తిరగాలి. నేరుగా పోతే కర్నూలు వచ్చేస్తుంది. బస్సులో వచ్చేవాళ్లు చౌరస్తాలో దిగి ఆటో పట్టుకోవాలి. చీకటి పడ్డాక ఆటోలు తక్కువ.

సీతాఫలాల కాలంలో హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లయితే దారిలో బాలానగర్ దగ్గర ఆపకుండా ఉండలేరు. ఆ రకానికి పేరే బాలానగర్ రకం. మీ దారిలో అది రాదు, తిరుగు ప్రయాణం హైదరాబాద్ మీదుగా అయితేనే చూసుకోండి.

పడుకోవడానికి అలంపూర్‌లోనే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, గదులు ముందే ఖాయం చేసుకోండి. దొరక్కపోతే కర్నూలు, ముప్పై కిలోమీటర్ల లోపే. అక్కడ లాడ్జిలకు కొదవ లేదు, సాయంత్రం కొండారెడ్డి బురుజు చూడొచ్చు. భోజనం విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోకండి. జొన్నరొట్టె, పల్లీ పచ్చడి దొరికే చోటు కనిపిస్తే వదలకండి. పొద్దున ఆరింటికి ఊళ్లో టిఫిన్ దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు, ఏదైనా వెంట తీసుకెళ్లండి. కోతులున్నాయి, సంచి జిప్పు వేసి ఉంచండి.

చెప్పుల సంగతి. బయటే విడవాలి. పదకొండు దాటితే బండలు కాలుతాయి. ఒక ఏడు మార్చిలో, తెలివితక్కువగా మధ్యాహ్నం దాకా పిల్లల్ని కూర్చోబెట్టాను. ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు శిఖరం చూస్తూ నడుస్తూ అరికాళ్లు బొబ్బలు తేలేదాకా చెప్పలేదు. వాణ్ణి భుజం మీద మోసుకుని బస్సు దాకా తెచ్చాను. వాళ్లమ్మ నన్ను అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి అందరికీ మందపాటి సాక్సులు తప్పనిసరి చేశాను. మీరు నలుగురికీ ఒక్కో జత పెట్టుకోండి.

ఫోటోలు బయట తీసుకోవచ్చు, పూజ జరిగే గర్భగుడుల్లో తీయకండి. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. పెన్సిలుకు అనుమతి అక్కర్లేదు. పాపకు ఒక తెల్లకాగితాల పుస్తకం, 4బి పెన్సిలు కొనివ్వండి. బాగా రావాలని చెప్పకండి. ఒక్క శిఖరం బయటి గీత, ఎడమ వైపుది మాత్రమే గీయమనండి. ఆ వంపు కింద ఎంతసేపు నిటారుగా ఉండి, ఎక్కడ వంగడం మొదలవుతుందో కనిపెట్టడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత పక్క గుడికి వెళ్లి అదే పని చేయమనండి. రెండు గీతలూ పక్కపక్కన పెడితే, మీ స్నేహితుడికి ఫోన్లో ఫోటో పంపొచ్చు.

తిరుగు ప్రయాణంలో గద్వాల వైపు రావాలనుకుంటే గంటన్నర. కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి చూడొచ్చు. అమ్మగారికి చీర కొనాలంటే దుకాణంలో నూలు ఒళ్లు, పట్టు అంచు విడివిడిగా నేసి కలిపినదేనా అని అడిగి, వెనక్కి తిప్పి చూడండి. మీ దగ్గర సమయం లేకపోతే ఇది వదిలేయొచ్చు.

చివరిగా నాన్నగారి మోకాళ్లు. గుళ్ల ఆవరణ చాలావరకు చదునే, మెల్లగా తిరగగలరు. కష్టం రెండు చోట్ల. గట్టు మెట్లు, మళ్లీ అక్కడి నుంచి నీళ్ల దగ్గరికి దిగే మెట్లు. ఎక్కడం కన్నా దిగడమే బాధిస్తుంది. ఆయన్ను గట్టు పైదాకా ఎక్కించండి, నీళ్లలోకి దింపకండి. ఒక చెంబుతో నీళ్లు పైకి తెచ్చి తల మీద చల్లండి, ఆయనకు అది చాలు. మడత కుర్చీ ఒకటి కారులో వేసుకోండి. దాన్ని గట్టు మీద పెట్టి, గుళ్ల వైపు తిప్పి కూర్చోబెట్టి, మీరు పాపతో కిందికి వెళ్లండి.